ఎర్రగండికి సున్నం రాళ్ళ దారి

నాకు కోపం ఎక్కువని మా ఆయన ఊరంతా చెప్పుకుంటాడు. ఎక్కువే, కాదనను. ఆ మనిషితో ఇన్నేళ్ళు కాపురం చేసి చూడండి, మీకూ వస్తుంది. కానీ ఎనభై ఆరులో ఒక ఆదివారం పొద్దున్న వచ్చిన కోపం మాత్రం మట్టయ్యకు మేలు చేసింది. అందుకని ఆ ఒక్క కోపాన్ని గురించి చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

మట్టయ్య జింకల పార్కులో వాచ్‌మన్. పార్కంటే ఉయ్యాలలూ జారుడుబల్లలూ ఉండేది కాదు. ఎల్బీ నగర్ దాటి విజయవాడ రోడ్డున పోతే ఎడం పక్కనో కుడి పక్కనో అని వెతుక్కోనక్కర్లేకుండా కనిపించేంత పెద్ద అడవి. జింకలున్నాయి, నెమళ్ళున్నాయి. చుట్టూ కాలనీలు లేచిపోతుంటే అదొక్కటే లేవకుండా మిగిలింది.

ఇప్పటివాళ్ళకు చెప్తే నవ్వుతారు గానీ, ఆ రోజుల్లో మాకందరికీ ప్లాట్ల పిచ్చి పట్టింది. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు గదుల కిరాయి ఇల్లు. నీళ్ళ బిందె పక్కనే మంచం, మంచం పక్కనే పొయ్యి. ఎవరింటికి వెళ్ళినా మంచినీళ్ళ కంటే ముందు లేఅవుట్ కాగితం చేతికిచ్చేవాళ్ళు. పెళ్ళి భోజనాల్లో పప్పు వడ్డిస్తూ వడ్డిస్తూ ఆగి, "మీరు కొన్నచోట గజం ఎంతండీ?" అని అడిగేవాళ్ళు. చంపాపేట నుంచి ఎల్బీ నగర్ దాకా ఏ చేను చూసినా జొన్న కంటే సున్నం రాళ్ళే ఎక్కువ మొలిచాయి. వరసగా పాతిన రాయి, తల మీద తెల్లటి సున్నం, దాని మీద ఎర్రరంగుతో అంకె. అది కనిపిస్తే చాలు, బస్సులో సగం మంది లేచి కిటికీ వైపు వంగేవారు.

మా వెంకట్రావుగారు కూడా వంగారు. ఒక శనివారం ఆఫీసు పని మీద హయత్‌నగర్ వెళ్ళి తిరిగొస్తూ చూశారట. ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా, "ప్రభా, ఎవరితోనూ అనకు. జింకల పార్కులో కొంత ముక్క రిలీజ్ చేసినట్టున్నారు. చిన్న గేటు దగ్గర్నుంచి లోపలికి రాళ్ళు పాతేశారు. నా కళ్ళతో చూశాను" అన్నారు.

"అడవిలో ప్లాట్లేవిటండీ?"

"మొన్నటిదాకా ఇదంతా అడవి కాదూ?"

ఎవరితోనూ అనకు అన్న మనిషి తనే వెళ్ళి పక్కింటి బాపిరాజుగారికి చెప్పొచ్చాడు. బాపిరాజుగారు రిటైరైన హెడ్మాస్టరు. జేబులో కళ్ళజోడు మరిచిపోతారేమో గానీ దిక్సూచి మరిచిపోరు. వాస్తు లేని చోట మంచినీళ్ళు కూడా తాగని రకం. ఆయన రహస్యంగా ఎంతమందికి చెప్పారో ఆ దేవుడికే తెలియాలి.

తెల్లారి ఎనిమిదింటికి మేం బస్సు దిగేసరికి చిన్న గేటు దగ్గర పాతికమందికి పైనే ఉన్నారు. ఆరు స్కూటర్లు, ఒక లూనా, టిఫిన్ క్యారియర్లు. రాళ్ళు గేటు దగ్గర మొదలై తుప్పల్లోంచి మలుపు తిరిగి లోపలికి పోతున్నాయి. నిజంగానే ముచ్చటగా పాతారు. ఏ రెండు రాళ్ళ మధ్య చూసినా ఒకటే దూరం, అన్నిటి తలా ఒకటే ఎత్తు, సున్నం మీద ఎర్రటి అంకెలు.

మనవాళ్ళ తెలివి చూడండి. బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేసినట్టు, ప్రతి రాయి మీదా ఎవరో ఒకరు ఏదో ఒకటి పరిచేశారు. నాలుగో నంబరు మీద గళ్ళ తువ్వాలు. ఏడు మీద సంచీ. తొమ్మిదో రాయి మీద ఒక పెద్దావిడే కూర్చుంది. నేను చూస్తూండగానే మా ఆయన గబగబా పోయి పన్నెండో రాయి మీద జేబురుమాలు పరిచి, నా వైపు చూసి కళ్ళెగరేశారు.

ఈ గుంపు మధ్యలో ఖాకీ చొక్కా, పంచె, తలకు రుమాలు చుట్టుకున్న బక్కపల్చటి మనిషి చేతులు జోడించి అటూ ఇటూ తిరుగుతున్నాడు. యాభై ఏళ్ళు ఉండొచ్చు. అతనే మట్టయ్య.

"సార్, గీడ ప్లాట్లు లెవ్వు సార్. గిది జింకలది. జర ఇనుండ్రి" అంటున్నాడు.

"వాచ్‌మన్లు మొదట అలాగే అంటారండీ. మంచివి వాళ్ళవాళ్ళకు దాచిపెట్టుకుంటారు" అన్నారు బాపిరాజుగారు, దిక్సూచి తిప్పుకుంటూ.

"అయ్యో, నేనే పాతిన సార్ రాళ్ళు! దారి కోసం పాతిన!"

"చూశారా, రోడ్డు కూడా వేస్తారట" అన్నాడు ఇంకొకాయన.

మట్టయ్య ఇక లాభం లేదనుకుని గేటు పక్కన కూలబడ్డాడు. నాకెందుకో అతని మొహం చూస్తే అబద్ధం చెప్పే మనిషిలా అనిపించలేదు. దగ్గరికి వెళ్ళి, "ఏం దారి మట్టయ్యా? సరిగ్గా చెప్పు" అన్నాను. పేరు చొక్కా మీది బిళ్ళ చూసి తెలుసుకున్నాను.

"ఏం జెప్పాలె అమ్మా, నా కర్మ. లోపట ఎర్రగండి ఉన్నది. వానలకు కోసుకపోయి నిలువుగ నిలవడ్డ మట్టిగోడలు. మంది నడిసిపోయి చూసొచ్చేటట్టు ఒక బాట చెయ్యి, తప్పిపోకుండ గుర్తులు పెట్టు అన్నడు మా రేంజరు సారు. నాకు తెలిసిన గుర్తు గిదొక్కటే. పాతిన. బోర్డేమో ఇంక పెయింటరు కాడనే ఉన్నది."

"అదే గట్టిగా చెప్పి పంపించేయొచ్చుగా?"

"ఇంటున్నరా? పదిగొట్టంగ సారు ఒస్తడు అమ్మా, బాట చూడనీకే. మూడు నెలల కూలీ మీద పెట్టుకున్నడు నన్ను. బాట మంచిగుంటే పక్కా నౌకరి, లేకుంటే ఇయ్యాల్టితోటి బంద్. గీ స్కూటర్లు, గీ తువ్వాలలు చూసిండంటే అయిపాయె. మల్ల పోయి రాళ్ళు పాతుకోవాలె."

"పాతుకుంటే ఏం? పనే కదా?" అన్నాను. నా నోటికి కళ్ళెం లేదు మరి.

మట్టయ్య తలెత్తి నన్ను చూశాడు. కోపం లేదు ఆ చూపులో. ఉంటే బాగుండేది.

పదిహేనేళ్ళు అదే పని చేశాడట. కొత్తపేట, సరూర్‌నగర్, చంపాపేట, ఎక్కడ కొత్త కాలనీ వేసినా మేస్త్రీ ఇతన్నే పిలిచేవాడు. చదువు రాదు గానీ అంకెలు వచ్చు. ఒక పొద్దున లారీ ఎక్కించుకుని ఎక్కడికో తీసుకెళ్ళి దింపారు. దిగి చూస్తే సొంత చేను. అన్న ఎవరికీ చెప్పకుండా అమ్మేశాడు. కూలి ఒప్పుకుని వచ్చాడు, వెనక్కి పోతే మేస్త్రీ మళ్ళీ పిలవడు, ఇంట్లో భార్య కృష్ణమ్మకు జ్వరం. అంతకు ముందు వారం దాకా తను దున్నిన చాళ్ళలోనే ముప్పై రెండు రాళ్ళు పాతాడు.

"నా చేతుల్తోటే అమ్మా. సున్నం గూడ నేనే పూసిన. ఆనాటి సంది ఆ పనంటే పానం ఒప్పుతలేదు. గీడ జింకల నడుమ మనసు నిమ్మళమున్నది" అన్నాడు.

అప్పుడు వచ్చింది నాకు కోపం. మట్టయ్య అన్న మీదో, మా ఆయన మీదో, తొమ్మిదో రాయి మీద పమిట సర్దుకుంటూ కూర్చున్న ఆవిడ మీదో చెప్పలేను. మేం కొందామని తిరుగుతున్న ప్రతి చోటా ఇలాగే ఎవరో ఒకరు ఏడుస్తూ రాయి పాతి ఉంటారన్న ఆలోచన అంతవరకూ నాకు రానందుకు నా మీద నాకే వచ్చిందనుకుంటాను.

"ఏమండీ! అందరూ ఇటు చూడండి!" అని ఒక్క కేక వేశాను. చెట్టు మీది పావురాలు లేచిపోయాయి. మా ఆయన మాత్రం అలవాటు కొద్దీ తల దించుకున్నారు.

"ఈయన ప్లాట్లు కాదంటున్నాడు, మీరు కాదు ప్లాట్లే అంటున్నారు. చూడకుండా తోటకూర కూడా కొనరు కదా మీరు? ఆఖరి రాయి దాకా నడవండి. అక్కడికి పోయి చూశాక కూడా కావాలన్నవాళ్ళు అప్పుడు అడగండి. మట్టయ్యా, లే. ముందు నడు."

"అమ్మా, గంత మందితోనా..."

"బాట వేసింది మనుషులు నడవడానికే కదా? మనుషులున్నారు, బాట ఉంది. నడు!"

నడిచాం. వాన వెలిసిన మర్నాడేమో, నేల మెత్తగా ఉంది. మొదట్లో ఎవరి కళ్ళూ రాళ్ళ మీద నుంచి లేవలేదు. "ఇది పద్నాలుగు, ఇది పదిహేను, కార్నర్ బిట్టు" అని వినబడుతూనే ఉంది. మట్టయ్య వాళ్ళను పట్టించుకోకుండా నాకు చెప్తున్నట్టుగా చెప్పుకుంటూ పోయాడు. ఇదిగో, ఈ గిట్టల గుర్తులు కృష్ణజింకవి, పొద్దున్నే దాటింది. ఇక్కడ అడవిపంది దుంపల కోసం తవ్వింది. ఈ తంగేడు పక్కన పోయేటప్పుడు చప్పుడు చెయ్యొద్దు, కంజు పిట్ట పిల్లల్ని పొదిగింది. తొమ్మిదో రాయి ఆవిడ గబుక్కున చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. కంజు పిల్లల కోసం అంత పెద్దావిడ వట్టికాళ్ళతో నడవడం చూస్తే నాకు ఆవిడ మీద కోపం పోయింది.

ఇరవయ్యో రాయి దగ్గర మట్టయ్య చెయ్యెత్తి ఆపాడు. పచ్చిక మైదానం మీద నలభై దాకా జింకలు. నల్లటి మగజింక ఒకటి మెలి తిరిగిన కొమ్ములు వెనక్కి వాల్చి మమ్మల్ని చూసింది. ఎవ్వరూ గజం మాట ఎత్తలేదు. తర్వాత ఒక్కటి ఎగిరింది, దాని వెనక ఇంకొకటి, అలా అన్నీ ఒకే చోట గాల్లోకి లేస్తూ పోయాయి. అక్కడ దూకడానికి గోడా లేదు, కాలువా లేదు.

"ఎందుకు ఎగురుతున్నాయి మట్టయ్యా, అక్కడేం లేదు కదా?" అని అడిగారు మా ఆయన. పన్నెండో నంబరు మరిచిపోయినట్టున్నారు.

"ఏం లేదు సార్. ముందుది ఎగిరింది, గందుకే."

నేను మా ఆయన వైపూ, బాపిరాజుగారి వైపూ చూసి ఏమీ అనకుండా ఊరుకున్నాను. అది నేను జీవితంలో చేసిన పెద్ద త్యాగం.

బాపిరాజుగారి గొడవ వేరు. దారి ఈశాన్యంగా వంగి మెల్లగా పల్లం దిగుతోంది. ఆయన పది అడుగులకోసారి దిక్సూచి తీసి చూసుకుని, "ఈశాన్యం పల్లం! అద్భుతం!" అంటున్నారు. ఇంకో పది అడుగులు వేసి, "ఇంకా పల్లమండీ! ఈశాన్యం ఎంత పల్లమైతే అంత ఐశ్వర్యం!" పల్లం పెరిగేకొద్దీ ఆయన నడక వేగం పెరిగింది. చివరికి మట్టయ్యను కూడా దాటేసి ముందుకు పోతుంటే, మట్టయ్య పరుగున వెళ్ళి ఆయన చొక్కా వెనక నుంచి పట్టుకుని లాగాడు.

"ఆగుండ్రి సార్! ముందల ఎర్రగండి!"

ఎదురుగా నేల లేదు. ఒక్కసారిగా తెగిపోయింది. ముప్పై నలభై అడుగుల లోతున ఎర్రటి మట్టిగోడలు, ఎన్ని వానలు కోశాయో, స్తంభాలు స్తంభాలుగా నిలబడ్డాయి. కొన్నిటి నెత్తిన ఒక్కో బండ, పడదామా వద్దా అన్నట్టు. ఎర్రలో పసుపు చారలు, మధ్యలో తెల్లటి సుద్ద. గోడల నిండా బొక్కలు, బొక్కల్లోంచి పచ్చటి చిన్న పిట్టలు బాణాల్లా దూసుకొచ్చి పురుగుల్ని పట్టి మళ్ళీ లోపలికి దూరిపోతున్నాయి. దిల్‌సుఖ్‌నగర్‌కు ఇంత దగ్గర్లో ఇది ఉందని మాకెవరికీ తెలియదు.

బాపిరాజుగారు దిక్సూచి మూసి జేబులో వేసుకున్నారు. "ఇంత ఈశాన్యం పల్లం నేనెక్కడా చూళ్ళేదు" అన్నారు.

ముందు తొమ్మిదో రాయి ఆవిడ నవ్వింది. తర్వాత అందరం. బాపిరాజుగారు కూడా.

"గీ ఆఖరి రాయి కాడి ప్లాటు కావాల్నా సార్?" అన్నాడు మట్టయ్య. అంతసేపటికి అతని మొహంలో కొంచెం కొంటెతనం కనిపించింది. "ప్రతి వానకాలం జానెడు కూలుతది. మా నాయిన గొర్లు కాయంగ కూసున్న బండ, గో, గా కింద పడున్నది చూడు. నా చిన్నతనంల గది అంచు నుంచి ఇరవై అడుగుల ఇవతల ఉండె."

"అంటే రిజిస్ట్రేషన్ అయ్యేలోపే సగం పోతుందన్నమాట" అన్నారు మా ఆయన.

ఇక ప్లాట్ల సంగతి అక్కడితో సరి. టిఫిన్ క్యారియర్లు తెరుచుకున్నాయి. పులిహోర, పెసరట్లు, ఎవరో తెచ్చిన సర్వపిండి. మట్టయ్యను మధ్యలో కూర్చోబెట్టుకుని, ఆ పిట్టలు మట్టిలో అంత లోతుగా ఎట్లా తవ్వుతాయి, పాములు దూరవా, వానొస్తే పిల్లలేమవుతాయి అని ఒకరి మీద ఒకరు పడి అడిగారు. అతను ఒక చేత్తో పులిహోర పట్టుకుని రెండో చేత్తో చూపిస్తూ చెప్తున్నాడు. పది గంటల సంగతి అతనూ మరిచిపోయాడు, నేనూ మరిచిపోయాను.

"ఇవి ఎవరివి?"

వెనక్కి తిరిగి చూశాం. బూట్లు, టోపీ, పొడుగాటి మనిషి. రేంజరు గంగాధరరావుగారు. చేతుల నిండా తువ్వాళ్ళు, జేబురుమాళ్ళు, ఒక సంచీ. ఆరేసిన బట్టలు తీసుకొచ్చినట్టు గుండెలకు హత్తుకుని నిలబడ్డారు. మట్టయ్య చేతిలోంచి పులిహోర జారిపోయింది.

"మట్టయ్యా, ఈ రాళ్ళకు సున్నం పూయమని ఎవరు చెప్పారు? గేటు దగ్గర జీపు దిగానో లేదో, ఇద్దరు వచ్చి గజం ఎంత అని నన్నే అడిగారు! ఇది జింకల పార్కా, లేఅవుటా?"

"తప్పయింది సార్" అన్నాడు మట్టయ్య. రుమాలు తీసి చేతిలో నలుపుతున్నాడు.

నేను ఊరుకుంటానా? "తప్పు మాది సార్. రాయికి సున్నం ఉంటే చాలు, ఆకాశంలో పాతినా కొనేట్టున్నాం మేం. ఆయన వద్దు మొర్రో అని చేతులు జోడించాడు. అడగండి వీళ్ళను" అన్నాను. ఆయన అడక్కముందే తొమ్మిదో రాయి ఆవిడ, "బాబూ, నేను ఇంత దూరం ఎప్పుడూ నడవలేదు. ఈయన కబుర్లు వింటూ వచ్చేశాను. రాళ్ళు చూసుకోనే లేదు" అంది. బాపిరాజుగారు తన చొక్కా వెనక చిరుగు చూపించి, "ఈ మనిషి పట్టుకోకపోతే నేను కిందుండేవాణ్ణి" అన్నారు.

గంగాధరరావుగారు మట్టిగోడల వైపు చూశారు. పాతికమంది జనాన్ని చూశారు. ఒక్క పూల కొమ్మ విరగలేదు, ఒక్క కాగితం కింద పడలేదు. ఆఖరికి, "ముందు ఈ రాళ్ళన్నీ పీకెయ్యి. ఇవాళే. ఒక్కటి కనిపించినా రేపు ఇంకో వందమంది దిగుతారు" అన్నారు.

"పీకుత సార్" అన్నాడు మట్టయ్య. రెండడుగులు వేసి ఆగాడు. తన నౌకరీ సంగతి అడుగుతాడేమో అనుకున్నాను. కాదు. "సార్, అన్ని పీకితే ఒచ్చినోళ్ళకు బాటెట్ల దొరుకుతది? తప్పిపోతరు గద" అన్నాడు.

"మరి నువ్వెందుకున్నావయ్యా?" అన్నారు గంగాధరరావుగారు.

మట్టయ్యకు వెంటనే అర్థం కాలేదు. నాకైంది. నేను ఏడ్చేశాను. మా ఆయన కంగారుపడి, రేంజరుగారి చేతిలోని ఆ రుమాళ్ళ కట్టలోంచి ఒకటి లాగి నాకిచ్చారు. అది ఎవరిదో కూడా తెలియదు.

తిరిగొస్తూ అందరం కలిసి పీకాం. నాలుగో రాయి నాలుగో ఆయన, ఏడో రాయి ఏడో ఆయన. పన్నెండోది మా వెంకట్రావుగారు పీకబోయి వెనక్కి పడ్డారు. పీకిన ప్రతి గుంటనూ మట్టయ్య మట్టితో పూడ్చి కాలితో అదుముతూ వచ్చాడు. వెనక్కి తిరిగి చూస్తే తుప్పలూ గడ్డీ తప్ప దారన్నది కనబడలేదు.

గేటు దగ్గర గంగాధరరావుగారు జీపు ముందు భాగం మీద ఉద్యోగుల రిజిస్టరు పరిచి మట్టయ్య పేరు, తండ్రి పేరు, ఊరి పేరు రాశారు. ఇంకుప్యాడు తెరిచి, "వేలిముద్ర వెయ్యి" అన్నారు. మట్టయ్య వేశాడు. పడలేదు. మళ్ళీ వేశాడు, ఉత్త మరక తప్ప గీత కనబడలేదు. బొటనవేలి చారల్లోకంతా సున్నం ఇంకిపోయి ఉంది.

"చెయ్యి కడుక్కుని రా" అన్నారు ఆయన.

మట్టయ్య నల్లా దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ఇసుక తీసుకుని తోమాడు. రాయి మీద రుద్దాడు. గోళ్ళ సందుల్లో పుల్ల పెట్టి గీకాడు, మళ్ళీ ఇసుక తీసుకున్నాడు. బస్సు ఒకటి వచ్చి పోయింది, మేం ఎక్కలేదు. జీపు డ్రైవరు హారన్ కొట్టాడు.

"చాల్లేవయ్యా, ఎంతసేపు తోముతావు?" అన్నారు గంగాధరరావుగారు.

మట్టయ్య తల ఎత్తలేదు. నీళ్ళ కింద చేతులు తిప్పి తిప్పి చూసుకుంటూ అన్నాడు:

"జర ఆగుండ్రి సార్. పదిహేనేండ్ల సున్నం గిది."